పది దొంగతనాలకు పది కేసులు, లక్షల డిపాజిట్లకు ఒకటే కేసు

చిన్న దొంగకు జైలు, పెద్ద మోసగాడికి బెయిల్ అని అందరూ అనేదే. ఆ తేడా చట్టంలో ఎక్కడుందో చూపించమంటే మాత్రం చాలామంది శిక్షల పట్టిక తెరుస్తారు. అక్కడ దొరకదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం మామూలు దొంగతనానికి, అంటే సెక్షన్ 303(2) కింద, గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు. మోసగించి డబ్బు రాబట్టుకుంటే 318(4) కింద 7 ఏళ్లు. నమ్మి అప్పగించిన సొమ్మును సొంతానికి వాడుకునే నమ్మకద్రోహానికి 5 ఏళ్లు. ఆ నమ్మకద్రోహం చేసినవాడు బ్యాంకరో, ఏజెంటో, ప్రభుత్వోద్యోగో అయితే 316(5) కింద యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. మొదటిసారి దొరికినవాడు 5,000 రూపాయల లోపు సొత్తు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెట్టే వీలు కూడా ఈ కొత్త చట్టంలో ఉంది. ఇంట్లో దూరి చేసిన దొంగతనానికి 7 ఏళ్లు, రాత్రిపూట తలుపు పగలగొట్టి దూరితే 14 ఏళ్ల వరకు పడొచ్చు. ఇవి పక్కన పెడితే, కాగితం మీద మోసమే బరువైన నేరం.

నేను చెప్పదలచుకున్నది వేరు. అసలు తేడా నేరాలను లెక్కపెట్టే తీరులో ఉంది. దొంగ చేసినవాటిని ఒక్కొక్కటిగా విడదీసి లెక్కిస్తారు. మోసగాడు చేసినవి ఒక్క మూటగా కట్టి లెక్కిస్తారు. అరెస్టు, బెయిలు, వాయిదాలు, శిక్ష అన్నీ ఈ లెక్క చుట్టూనే తిరుగుతాయి.

ముందు దొంగ కేసు ఎలా నడుస్తుందో చూద్దాం. బైక్ దొంగతనంలో ఒకణ్ని పట్టుకుంటారు. పంచుల (సాక్షుల) సమక్షంలో ఒప్పుకోలు పంచనామా రాస్తారు. అందులో ఈ బైకుతో పాటు వేర్వేరు స్టేషన్ల పరిధిలో చేసిన మరో తొమ్మిది దొంగతనాలూ ఉంటాయి. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. అతను చెప్పినదాన్ని బట్టి వస్తువు దొరికితే, అంతవరకు భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 23 ప్రకారం చెల్లుతుంది. దొంగసొత్తు దొంగతనం జరిగిన కొద్దికాలానికే ఒకడి దగ్గర దొరికితే, అదెలా వచ్చిందో అతను చెప్పలేకపోతే, వాడే దొంగ అనో, దొంగసొత్తని తెలిసి తీసుకున్నవాడనో కోర్టు ఊహించవచ్చని అదే చట్టంలోని 119వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి రికవరీ నిలబడితే చాలావరకు కేసు నిలబడినట్టే.

ఆ తర్వాత పీటీ వారెంట్లు, అంటే జైల్లో ఉన్న ఖైదీని మరో కోర్టుకు రప్పించే ఆదేశాలు, మొదలవుతాయి. మొదటి కేసులో జైల్లో ఉన్నవాణ్ని మిగతా స్టేషన్లవాళ్లు ఒక్కొక్కరుగా తమ కోర్టుకు రప్పించి, తమ కేసులో రిమాండుకు పంపుతారు. 60 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే హక్కుగా వచ్చే డిఫాల్ట్ బెయిల్ ఉంది కదా అనుకుంటాం. ఆ 60 రోజులు మొదటి అరెస్టు తేదీ నుంచి కాదు, ఏ కేసుకు ఆ కేసులో రిమాండ్ అయిన రోజు నుంచి లెక్క. తొమ్మిదో కేసులో వారెంటు మూడో నెలలో అమలైతే, ఆ కేసు గడువు అప్పుడే మొదలవుతుంది. ఎనిమిదింటిలో బెయిల్ వచ్చినా తొమ్మిదోది అతన్ని లోపలే ఉంచుతుంది.

ఇక ష్యూరిటీలు. కేసుకు పది వేల చొప్పున ఇద్దరు ష్యూరిటీలు కావాలని మేజిస్ట్రేట్ ఆర్డర్ ఇస్తే, అది కఠినమైన ఆర్డరని ఎవరూ అనరు. పది కేసులకు మాత్రం 20 మంది కావాలి. ఒక్కొక్కరికీ ఆధార్, ఇంటిపన్ను రసీదు, ఇంటి విలువ ధ్రువపత్రం, లేదంటే జీతం సర్టిఫికెట్ ఉండాలి. ఇప్పటికే ఎంతమందికి జామీను ఉన్నారో ప్రమాణపత్రంలో రాయాలని నాగరిక సురక్షా సంహిత (కేసులు నడిపే పద్ధతిని చెప్పే కొత్త చట్టం) సెక్షన్ 486 అడుగుతుంది. ఒక కేసులో నిలబడ్డ బావమరిది రెండో కేసుకు వస్తే ఆ కాగితమే అతనికి అడ్డం పడుతుంది. డబ్బు సంగతి తర్వాత. రోజు కూలికి పోయే కుటుంబానికి, సొంత పేరున ఇల్లున్న 20 మంది తెలిసినవాళ్లు ఎక్కడుంటారు? కోర్టు బయట డబ్బు తీసుకుని జామీను నిలబడేవాళ్లు అందుకే పుట్టుకొచ్చారు. వాళ్ల కాగితాలు నకిలీవని తేలితే నిందితుడి మీద ఇంకో కేసు.

బయటికొచ్చాక కూడా పది కోర్టులు, పది వాయిదాలు. ఒకే రోజు రెండు ఊళ్లలో వాయిదా పడితే ఒకచోట గైర్హాజరు తప్పదు. వకీలు ఉంటే ఆ రోజుకు హాజరు మినహాయించమని ఆబ్సెంట్ పిటిషన్ వేస్తాడు. లేకపోతే నాన్ బెయిలబుల్ వారెంట్ వస్తుంది, ష్యూరిటీల బాండు జప్తుకు నోటీసు వెళ్తుంది, మళ్లీ అరెస్టు. రెండోసారి ఆ బావమరిది రాడు.

గరిష్ఠ శిక్షలో సగం కాలం, అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడైతే మూడోవంతు, విచారణ ఖైదీగా గడిపినవాణ్ని బెయిల్ మీద విడుదల చేయాలని సురక్షా సంహిత సెక్షన్ 479 చెబుతోంది. పార్లమెంటులో దీన్ని పేద ఖైదీలకు వరంలా చెప్పారు. అదే సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్ చదివితే, ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నవారికి ఇది వర్తించదని ఉంది. విచారణ ఖైదీలుగా ఏళ్లూపూళ్లూ మగ్గే దొంగతనం నిందితుల్లో ఒక్క కేసుతో లోపలున్నవాళ్లు అరుదు. 2022 చివరి లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీలు 5,73,220 మంది. వాళ్లలో 4,34,302 మంది శిక్ష పడని విచారణ ఖైదీలే.

అందుకే చాలామంది అడ్మిట్ అయిపోతారు, అంటే నేరం ఒప్పేసుకుంటారు. ఏడాది రిమాండులో ఉన్నవాడు నేరం ఒప్పుకుంటే, లోపల గడిపిన కాలాన్నే శిక్షగా లెక్కగట్టి (సెట్ ఆఫ్ చేసి) పంపేస్తారు. ఆ రోజుకు అది లాభంగానే కనిపిస్తుంది. తర్వాత జరిగేది ఎవరూ వివరంగా చెప్పరు. దొంగతనంలో ఒకసారి శిక్ష రికార్డయితే రెండోసారికి కనీసం ఏడాది కఠిన శిక్ష తప్పదు, 5 ఏళ్ల దాకా వేయొచ్చు. పైగా న్యాయ సంహితలోని 13వ సెక్షన్ ప్రకారం, 3 ఏళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే ఆస్తి నేరంలో ఒకసారి దోషిగా తేలినవాడు మళ్లీ అలాంటి నేరమే చేస్తే పదేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లే వీలుంది. మోసానికీ ఇదే సెక్షన్ వర్తిస్తుంది. కాకపోతే ఒక మోసం కేసులో శిక్ష ఖరారై, మళ్లీ మోసం చేసి దొరికి, రెండో శిక్ష పడేసరికి సగం జీవితం గడిచిపోతుంది కాబట్టి అక్కడ దాని ఊసే రాదు.

శిక్షలు ఒకదాని వెంట ఒకటి నడవాలా, కలిసి నడవాలా అన్నది ఇంకో ఉచ్చు. ఒక శిక్ష అనుభవిస్తున్నవాడికి మరో కేసులో శిక్ష పడితే, కలిసి నడవాలని కోర్టు ప్రత్యేకంగా రాయకపోతే, రెండోది మొదటిది పూర్తయ్యాకే మొదలవుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని హాపుర్‌లో కరెంటు సామగ్రి దొంగతనాల కేసుల్లో ఒక మనిషి తొమ్మిదింటిలోనూ నేరం ఒప్పుకున్నాడు. ఒక్కొక్కదానికి రెండేళ్లు వేశారు. కలిసి నడుస్తాయన్న వాక్యం లేకపోవడంతో మొత్తం 18 ఏళ్లయింది. హైకోర్టు కాదంది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్తే గానీ ఆ శిక్షలు కలిసి నడవలేదు. తీర్పు రోజున వకీలు నోటితో అడగాల్సిన ఒక్క వాక్యం అది. దొంగతనం కేసుల్లో వాదించే ప్రతి యువ న్యాయవాదీ ఆ వాక్యం గుర్తుపెట్టుకోవాలి.

మోసం కేసులో తొలి మెట్టు నుంచే దారి వేరు. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే స్టేషన్లో మొదట వినిపించే మాట ‘ఇది సివిల్ మేటర్’. దానికి కొంత ఆధారమూ ఉంది. ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని 2013 నవంబరులో లలితకుమారి కేసులో చెప్పిన సుప్రీంకోర్టే, వాణిజ్య నేరాల్లో ముందు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చని మినహాయింపు ఇచ్చింది. తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వకపోవడం ఒక్కటే మోసం కాదు, తీసుకున్న రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపాలి. దొంగ దగ్గర గొలుసు దొరికితే సంజాయిషీ అతనే చెప్పుకోవాలి. డైరెక్టరు ఖాతాలో డిపాజిటర్ల డబ్బు కనబడితే, అది అప్పు కాదు, పెట్టుబడి కాదు, దారి మళ్లింపే అని ఆడిట్ నివేదికలతో పోలీసులు నిరూపించాలి. ఫోరెన్సిక్ ఆడిట్‌కు నెలలు, ఆస్తుల లింకులకు ఏళ్లు.

ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టుకు బదులు నోటీసు ఇచ్చి పిలవాలన్న నియమం దొంగకూ వర్తిస్తుంది, డైరెక్టరుకూ వర్తిస్తుంది. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు వచ్చాక అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు రాసి చూపాలి. దొంగ విషయంలో ఆ కారణాలు ముందే సిద్ధంగా ఉంటాయి: స్థిరనివాసం లేదు, పారిపోతాడు, మళ్లీ నేరం చేస్తాడు. ఆఫీసు, పాన్ కార్డు, సొంత ఇల్లు ఉన్నవాడి విషయంలో అవి రాయడం కష్టం. నియమం ఒక్కటే, కొలత మాత్రం ఆస్తి ఉండటమే.

కేసుల లెక్కకు మళ్లీ వస్తే, విజయవాడ కేంద్రంగా డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ కంపెనీనే చూడండి. పలు రాష్ట్రాల్లో దాదాపు 32 లక్షల మంది డిపాజిటర్లు, 6 వేల కోట్లకు పైగా సొమ్ము. ఒక్కో డిపాజిటరుది ఒక్కో నేరమని విడదీసి లెక్కిస్తే కోర్టులు చాలవు, నిజమే. ఇలాంటివాటిలో ఊరూరా ఫిర్యాదులు వచ్చినా చివరికి అవన్నీ సీఐడీ చేతిలో కొద్దిపాటి కేసులుగా సర్దుకుంటాయి, డిపాజిటర్లు సాక్షులవుతారు. ఎఫ్ఐఆర్‌లు వేర్వేరు రాష్ట్రాల్లో ఉంటే వాటిని కలపమని సుప్రీంకోర్టుకు వెళ్లి సాధించుకున్న నిందితులూ ఉన్నారు. అలా కలపడం తప్పని నేననను. బైక్ దొంగ పది కేసులను ఎందుకు కలపరన్నదే నా ప్రశ్న. ఏడాదిలోపు చేసిన ఒకే రకం నేరాలను ఐదింటి దాకా కలిపి విచారించే వీలు సురక్షా సంహితలో ఉంది. పాత చట్టంలో అది మూడే. స్టేషన్లు వేరు, కోర్టులు వేరు, పైగా ప్రతి స్టేషనూ ఛేదించిన కేసును తన లెక్కలోనే చూపించుకోవాలి కాబట్టి ఆ వీలును పెద్దగా ఎవరూ వాడరు.

ముద్ర వేసే పద్ధతిలోనూ ఇదే తేడా. రుణగ్రహీత ఖాతాను ‘ఫ్రాడ్’ అని బ్యాంకు ప్రకటించే ముందు అతనికి నోటీసు ఇచ్చి, ఆడిట్ నివేదిక ప్రతి ఇచ్చి, వాదన వినాలని తెలంగాణ హైకోర్టు 2020లో చెబితే, సుప్రీంకోర్టు 2023 మార్చి 27న దాన్ని సమర్థించింది. మంచి తీర్పు. ఆ ముద్ర పడితే అప్పు పుట్టదు, వ్యాపారం కూలుతుంది, అందుకే ముందు వినాలి అన్నది కోర్టు చెప్పిన కారణం. స్టేషన్లో ఒకడి మీద నిఘా కోసం సస్పెక్ట్ షీటో, కేడీ షీటో తెరిచేటప్పుడు ఎవరికీ నోటీసు రాదు. మనం తిట్టుగా వాడే ‘కేడీ’ అన్న మాట ఆ పోలీసు రిజిస్టర్లోని నోన్ డెప్రెడేటర్ (పోలీసులకు తెలిసిన దోపిడీదారు) అన్న పేరుకు పొడి అక్షరాలే. షీటు ఉన్నవాడికి పని దొరకదు, అద్దె ఇల్లు దొరకదు. ఊళ్లో ఎక్కడ దొంగతనం జరిగినా మొదటి పిలుపు అతనికే. ఈ తెలుగు నేల మీద దీని వేళ్లు ఇంకా లోతైనవి. బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. 1952లో ఆ చట్టం పోయింది. అలవాటుగా నేరం చేసేవారి పేరుతో 1962లో ఆంధ్రప్రదేశ్ మరో చట్టం తెచ్చుకుంది. ఆర్థిక నేరాల్లో ఏ కులాన్నీ, ఏ ఊరినీ ఇలా రాసిపెట్టిన రిజిస్టరు ఒక్కటీ లేదు.

పెద్దవాళ్లంతా హాయిగా తిరుగుతున్నారని కూడా అనలేం. మనీ లాండరింగ్ చట్టంలోని 45వ సెక్షన్, కంపెనీల చట్టంలోని 212(6) ప్రకారం, నేరం చేయలేదని నమ్మడానికి కారణం ఉందని కోర్టుకు అనిపిస్తేనే బెయిల్. దొంగతనం కేసులో ఇంత గట్టి షరతు లేదు. ఆర్థిక నేరాలు ఒక ప్రత్యేక తరగతి, బెయిల్ విషయంలో వేరే చూపు అవసరమని సుప్రీంకోర్టు 2013లో చెప్పిన మాటను ప్రాసిక్యూటర్లు ఇప్పటికీ బెయిల్‌ను వ్యతిరేకించే ప్రతి కౌంటరులో రాస్తారు. కంపెనీ లెక్కల మోసం కేసులో సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు 2009 జనవరిలో అరెస్టయ్యాక శిక్ష పడకముందే దాదాపు రెండున్నరేళ్లు కస్టడీలో ఉన్నారు, అందులో కొంతకాలం నిమ్స్ ఆస్పత్రిలో. ఓబుళాపురం గనుల కేసులో గాలి జనార్దన్ రెడ్డి 2011 సెప్టెంబరులో అరెస్టై మూడేళ్లకు పైగా జైల్లో గడిపారు.

వాళ్ల విషయంలో చూడాల్సింది తీర్పు తర్వాతి వారాలు. సత్యం కేసులో 2015 ఏప్రిల్ 9న ఏడేళ్ల శిక్ష పడింది, మే 11న నాంపల్లి సెషన్స్ కోర్టు దాన్ని నిలిపివేసి బెయిల్ ఇచ్చింది. ఓబుళాపురం కేసు 2009 నాటిది. తీర్పు 2025 మే 6న వచ్చింది, ఏడేళ్లు. జూన్ 11న తెలంగాణ హైకోర్టు శిక్షను నిలిపివేసింది. రెండుచోట్లా ఐదు వారాలకు అటూఇటూ. ఇది అక్రమం కాదు. అప్పీలు తేలేసరికి శిక్షాకాలమే అయిపోయేలా ఉంటే శిక్షను ఆపడం కోర్టులు ఎప్పటి నుంచో పాటిస్తున్న పద్ధతి. ఆ వీలు ఇచ్చే సురక్షా సంహిత సెక్షన్ 430 దొంగకూ వర్తిస్తుంది. మూడేళ్ల లోపు శిక్ష పడినవాడు అప్పీలు వేస్తానంటే శిక్ష వేసిన కోర్టే బెయిల్ ఇచ్చి పంపాలని కూడా అందులో ఉంది. షరతు ఒక్కటే, తీర్పు రోజున అతను బెయిల్ మీద ఉండాలి. 20 మంది ష్యూరిటీలు దొరకక లోపలే ఉండిపోయినవాడికి ఈ వెసులుబాటు చేతికందదు. మొదట్లో పడ్డ దెబ్బ చివరి దాకా తగులుతూనే ఉంటుంది.

తెలంగాణలో పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) గురించి ఒక మాట. 1986 చట్టంలో గూండా అన్న నిర్వచనంలోకి ఆస్తి నేరాలు అలవాటుగా చేసేవాళ్లూ వస్తారు కాబట్టి గొలుసు దొంగల మీద దీన్ని వాడుతూ వచ్చారు. 2018లో సవరించి వైట్ కాలర్ ఆర్థిక నేరస్థులనూ చేర్చారు. విచారణ లేకుండా 12 నెలల దాకా నిర్బంధం, సలహా మండలి ముందు వకీలు ఉండడు. సమానత్వం అంటే ఇది కాదు. పెట్టుబడుల పేరుతో మోసం చేశాడన్న వ్యక్తి నిర్బంధాన్ని 2021లో, గొలుసు దొంగతనాల నిందితుల నిర్బంధాన్ని 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఒకే కారణంతో కొట్టేసింది. అవి శాంతిభద్రతల సమస్యలే గానీ ప్రజా జీవనాన్ని తలకిందులు చేసేవి కావు, మామూలు చట్టంతో బెయిల్ రద్దు చేయించుకోవచ్చు అని.

పెద్ద కేసుల్లో పెద్ద వకీళ్లు గెలిచిన హక్కులు చిన్న కేసులకు పనికొస్తాయన్నది నాకు ఆశ కలిగించే విషయం. అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలన్న నియమం 2023 అక్టోబరులో ఒక మనీ లాండరింగ్ కేసులో వచ్చింది. 2025 నవంబరుకల్లా అన్ని నేరాలకూ, నిందితుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్న దాకా విస్తరించింది. 13 చీటింగ్ కేసుల్లో బెయిల్ వచ్చినా ష్యూరిటీలు దొరకని ఒక నిందితుడికి, ఇద్దరే ష్యూరిటీలు ఒకే రాష్ట్రంలోని అన్ని కేసులకూ సరిపోతారని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు అనుమతించింది. బైక్ దొంగ వకీలు చేతిలో ఉండాల్సిన తీర్పు ఇదే.

ఇంట్లో ఎవరైనా దొంగతనం కేసుల్లో లోపలుంటే చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు, కానీ వరుసగా చేయాలి. అన్ని కేసుల క్రైమ్ నంబర్లు, ఒక్కోదానిలో రిమాండ్ తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. వకీలు లేకపోతే 15100కు ఫోన్ చేసినా, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లినా ఉచితంగా డిఫెన్స్ కౌన్సెల్‌ను, అంటే నిందితుడి తరఫు వకీలును, ఇస్తారు. ఏ కేసులోనైనా 61వ రోజు చార్జిషీటు లేకపోతే ఆ ఉదయమే డిఫాల్ట్ బెయిల్ అడగాలి. మధ్యాహ్నం చార్జిషీటు పడ్డా, ముందు అడిగినవాడి హక్కు పోదు. ఆలస్యమై చార్జిషీటు తర్వాత అడిగితే పోతుంది. చాలాచోట్ల చేజారేది ఇక్కడే. బెయిల్ వచ్చి ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోగా బాండ్లు ఇవ్వలేకపోతే షరతులు సడలించడాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చని 2023 జనవరి 31 నాటి సుప్రీంకోర్టు ఆదేశాల్లో ఉంది. డబ్బు లేక ఆగిపోయిన పేద విచారణ ఖైదీకి, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి కేంద్ర పథకం కింద డబ్బు సాయం ఇస్తారు. జిల్లా కమిటీకి జైలు నుంచే పేరు వెళ్లాలి, వెళ్లిందో లేదో అడిగి తెలుసుకోండి.

డబ్బు పోగొట్టుకున్నవాళ్ల వైపు చూసినా లెక్క తిరగబడే ఉంటుంది. గొలుసు పోయినావిడ, అది రికవరీ అయ్యాక సురక్షా సంహిత సెక్షన్ 497 కింద పిటిషన్ వేస్తే, ఫొటోలు తీసి, బాండు రాయించుకుని, కేసు తేలకముందే గొలుసు ఇచ్చేస్తారు. సొత్తు జాబితా 14 రోజుల్లో రాయాలని, ఆ తర్వాత 30 రోజుల్లో దాని సంగతి తేల్చాలని ఆ సెక్షన్ కోర్టుకు గడువు పెట్టింది. డిపాజిట్ పోయినావిడ మాత్రం 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కింద ప్రభుత్వం ఆస్తులు జప్తు చేసి, ప్రత్యేక కోర్టు దాన్ని ఖరారు చేసి, వేలం జరిగి, వాటా తేలే దాకా ఆగాలి. అదే ఆస్తిని మనీ లాండరింగ్ కేసులు చూసే ఈడీ కూడా జప్తు చేసి ఉంటే, బ్యాంకుకు తాకట్టు ఉంటే, ముందు ఆ పేచీలు తేలాలి. అగ్రిగోల్డ్‌లో పది వేల లోపు కట్టినవాళ్లకు 2019 నవంబరులో, ఇరవై వేల లోపువాళ్లకు 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖజానా నుంచి డబ్బు చెల్లించింది. బాండు కాగితం, రసీదులు పోగొట్టుకున్నవాళ్లు ఆ రోజు కూడా పేరు చూపించుకోలేకపోయారు. కంపెనీ మూతపడ్డా సరే, ఒరిజినల్ బాండు ఎవరికీ ఇవ్వకండి. అడిగితే జిరాక్సు ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి.